నాలుగు కర్రల మధ్య బురద

గుల్లలు ఉడికించి, ఒక్కొక్కటీ విప్పి, ఎర్రటి మాంసం వేరుచేసి, ఇసుక పోయేదాకా మూడు నీళ్లలో కడిగి, కొబ్బరిపాలలో వేసి దించేసరికి నా నడుము నాది కాకుండా పోతుంది. ఆ రోజూ అంతే. మా ఆయన ఇనోకె భోజనం ముందు ప్రార్థన చేసి, గరిటె గిన్నె అడుగుదాకా తిప్పి, "గుల్లల్ని పట్టడానికి ఇందులో కూడా వల వెయ్యాలేమోనే" అన్నారు. నవ్వాలి కాబట్టి నవ్వాను. ఆటు మొదలైనప్పటి నుంచి పోటు వచ్చేదాకా మోకాలి లోతు బురదలో వంగి ఏరితే సగం బుట్ట వచ్చింది. నా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు అదే చోట గంటలో బుట్ట నిండేది.

ఎందుకు తగ్గాయో ఊళ్లో అందరికీ తెలుసు. కడుపుతో ఉన్న మనిషి ఆ సంగతి దాచి సముద్రంలో దిగితే సముద్రం చెయ్యి ముడుచుకుంటుందని మా ఫిజీ తీరంలో తాతలనాటి మాట. నాతో పాటు ఏరడానికి దిగే మా కోడలు లొసలీనికి మూడో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి నిలిచేదాకా ఎవరికీ చెప్పొద్దత్తయ్యా అంది. చెప్పలేదు. కానీ వాంతులు దాగవు కదా. మా ఆడపడుచు మకెరెటా చర్చిలో చాపలు పరుస్తూ అందరి ముందూ లొసలీనిని అనేసింది. "నువ్వు కడుపులో పిల్లను దాచావు, సముద్రం దాని పిల్లల్ని దాచుకుంది. సరిపోయిందిగా."

శనివారం ఊరి పెద్దల ముందు మా ఇంటి తరఫున, క్షమాపణకు మావాళ్లు సమర్పించే తిమింగలం కోరపన్ను పెట్టి తప్పు ఒప్పుకోవాలన్నారు. లొసలీని తల వంచుకుని అందరి మధ్యా కూర్చోవాలి. నా కొడుకు సరేనన్నాడు. ఆ పిల్ల మాత్రం గిన్నెలు తోముతూ, "ఇది కూడా నిలవకపోతే సముద్రమే శిక్షించిందంటారు కదా అత్తయ్యా" అంది. తోమిన గిన్నె అందుకుని బోర్లించాను.

కిందటేడు అఖాతం అవతలి హైస్కూలు నుంచి ఉనైసి అనే జీవశాస్త్రం టీచరమ్మ వచ్చి, చర్చి హాల్లో ఆడవాళ్లందరికీ ఐదు రోజులు పాఠం చెప్పింది. మాలో ఎనిమిదో తరగతి దాటినవాళ్లు తక్కువ. గుల్లల్లో ఆడవీ మగవీ ఉంటాయనీ, రెండూ తమ విత్తనాన్ని నీళ్లలోకే వదులుతాయనీ, దగ్గరదగ్గరగా ఉంటేనే అవి కలుస్తాయనీ చెప్పింది. నలభై ఏళ్లుగా వాటిని ఏరి, విప్పి, వండిన దాన్ని, ఒక్కసారీ అవి ఎలా పుడతాయని అడగలేదు. నన్నూ ఎవరూ ఏమీ అడగలేదు, అది వేరే సంగతి. ఉనైసి చెప్పిన ఇంకో మాట నాలో ఉండిపోయింది. "అమ్మా, మీకు ఏదో తోచింది. మంచిదే. అది తప్పైతే బురదలో ఏం కనిపించాలో ముందు చెప్పండి. తర్వాతే దిగండి."

ఆమె నేర్పిన పద్ధతి ఇదీ: నాలుగు కర్రలు చదరంగా కట్టి, బురద మీద పెట్టి, లోపలున్న గుల్లల్ని లెక్కపెట్టి మళ్లీ అక్కడే వదలాలి. మొదటి రోజు మేం లెక్కపెట్టినవన్నీ బుట్టల్లో వేసేసుకున్నాం. అలవాటైన చేతులు, ఊరుకోవు. ఆదివారం చర్చి అయ్యాక వండుకుని తినేశాం కూడా. సోమవారం వచ్చిన ఉనైసి ఖాళీ బురదను చూసి, "మన పరిశోధన రుచిగా ఉందా అమ్మా" అని నవ్వింది.

మిగతావాళ్లు మానేసినా నేను ప్రతి నెలా కర్రలు పట్టుకెళ్లాను. మేం రోజూ ఏరే ఏటి మొగ దగ్గర ఒక చోటు, పాత సమాధులున్న గట్టు కింద ఎవరూ అడుగుపెట్టని బురదలో ఒక చోటు. ఏటి మొగ దగ్గర పంతొమ్మిది ఉండేవి, పద్నాలుగయ్యాయి, ఇప్పుడు తొమ్మిది. లొసలీనికి కడుపు రాకముందు నుంచే తగ్గుతున్నాయి. సమాధుల కింద అప్పుడూ ముప్ఫై, ఇప్పుడూ ముప్ఫై. సముద్రానికి కోపం వస్తే రెండు చోట్లా రావాలి కదా. పిల్ల గుల్లల్ని కూడా వదలకుండా ఏరుతున్నది మా చేతులే. నావి కూడా.

శుక్రవారం ఆయనకు టీ ఇచ్చి ఇదంతా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. సమాధుల దగ్గర చనిపోయిన పెద్దలు కాపలా ఉన్నారు కాబట్టి తగ్గలేదన్నారు. మరి లొసలీనికి కడుపు రాకముందు ఎందుకు తగ్గాయంటే, "అప్పుడు ఇంకెవరో దాచి ఉంటార్లే" అని కప్పు చేతికిచ్చారు. ఏం కనిపించినా గెలిచే మాటతో ఎలా వాదించాలి? కప్పు కడుగుతూ దేవుణ్ణే అడిగాను. ప్రభువా, నువ్వు చేసిన బురదలోకి వంగి చూడటం నీ మీద అపనమ్మకమా? వంగి చూసేకొద్దీ నాకు నీ మీద భక్తి పెరుగుతోందే. తప్పు నాదైతే చెప్పు. మర్నాటి సభకు రొట్టెపిండి కలపడం మొదలుపెట్టాను.

సభలో పెద్దలు పై వరసలో, ఆడవాళ్లం గుమ్మం దగ్గర. అడిగితే తప్ప మేం మాట్లాడం. మధ్యలో లొసలీని తల వంచుకుని కూర్చుంది. ఆయన పన్ను రెండు చేతులా పట్టుకుని ముందుకు జరిగారు. 'ఇంకెవరో దాచి ఉంటారు' అన్న మాట నా చెవుల్లోనే ఉంది. నిజమే, దాచారు. నా మొదటి కడుపప్పుడు మా అత్తగారే అంది, నాలుగు నెలలు నిండేదాకా నోరు తెరవకు, తెలిస్తే నిన్ను దిగనివ్వరు, ఏరే చేతులు తగ్గితే ఇల్లెలా గడుస్తుందని. ఆయనకూ తెలుసు. పక్కనే కూర్చుని నేను ఏరినవే తిన్నారు.

లేచి నిలబడ్డాను. అందరూ తిరిగి చూశారు. మకెరెటా నా చీలమండ పట్టుకుని, "కూర్చో వదినా, పరువు పోతుంది" అంది.

నేను ఆయన వైపే చూస్తూ చెప్పాను. "నేను కన్న ఐదుగురినీ నాలుగేసి నెలలు దాచాను. దాచి ప్రతి రోజూ బురదలో దిగాను. ఆ ఏళ్లలో నా బుట్ట నిండని రోజు ఒక్కటి చెప్పండి, ఆ పన్ను నేనే పెడతాను."