నిమిషానికి పన్నెండు

పొద్దున లేవగానే నురగాయన చేసే మొదటి పని సబ్బు నురగ కలపడం. స్టీలు గిన్నెలో కాసిని నీళ్లు, అరిగిపోయిన సబ్బు ముక్క, పాత గడ్డం బ్రష్షు. ముప్పై ఏళ్లుగా ఫ్రిజ్‌లు బాగుచేసిన మనిషి. గొట్టంలో గ్యాస్ ఎక్కడ కారుతోందో తెలియాలంటే అతుకుల మీద నురగ పూయాలి. కారే చోట బుడగ లేస్తుంది. బుడగ లేవకపోతే పని అయిపోయినట్టు. గిన్నె లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు కాబట్టి వీధి వీధంతా నురగాయన అనే పిలిచేది. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

దుకాణం మూసేసి నాలుగు నెలలైంది. గిన్నె మాత్రం మానలేదు. ఇప్పుడది సంచిలో కూర్చుని, సైకిల్ హ్యాండిల్‌కి వేలాడుతూ, రోజూ పడవల షెడ్డుకి వెళ్తోంది.

ఆయన భార్య కూడా ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కింది. సోఫా కవర్లు, పరుపు గలీబులు, కర్టెన్లు. ఆ నూలు పొట్టంతా కొంచెం కొంచెంగా లోపలికి పోయి ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. ఒకప్పుడు ఆవిడ మిషను ముందు కూర్చుని ఆయన్ని తిట్టడం మొదలుపెడితే, ఆయన సైకిలెక్కి వీధి మలుపు తిరిగేదాకా ఆ వాక్యం పూర్తయ్యేది కాదు. ఇప్పుడు మూడు మాటలకే ఆగిపోతోంది. "గొడుగు మర్చిపోయారు చూడండి" వరకే వస్తుంది. ఆ తర్వాత రావలసినదంతా, ఆయన మతిమరుపు, వాళ్ల నాన్న మతిమరుపు, ఇంటిల్లిపాదీ పోగొట్టిన గొడుగుల చిట్టా, ఏదీ రాదు. ఆయన గుమ్మంలో ఓ నిమిషం నిలబడి చూసేవాడు. రాదని తేలాక గొడుగు తీసుకుని బయల్దేరేవాడు. తిట్లు లేని ఇల్లు ఆయనకి భయంగా ఉండేది.

"గాలి మార్చండి" అన్నాడు డాక్టరు. "మీ వీధిలో దుమ్ము తప్ప గాలి లేదు."

"మారిస్తే తగ్గుతుందా?"

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడం అయిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. "ఇలాగే ఉంటే మాత్రం వానలు చూడ్డం కష్టం."

వానలకి మూడు నెలల టైముంది. దుమ్ము లేని చోటు ఎక్కడుందా అని నురగాయన తెల్లార్లూ ఆలోచించి, నీళ్ల మీదే ఉందనుకున్నాడు. ఆయనకి ఈత రాదు. బకెట్లో నీళ్లు తప్ప వేరే నీళ్లతో పరిచయం లేదు. అయినా పడవ కొన్నాడు.

పద్దెనిమిది అడుగుల ఫైబర్ పడవ అది. ముందు భాగంలో చిన్న క్యాబిన్, అందులో రెండు పడకలు, చేటంత కిటికీలు రెండు. వెనక పలకకి తగిలించిన నలభై హార్స్ పవర్ ఇంజను. క్యాబిన్ కప్పు మీద పుట్టగొడుగు ఆకారంలో ఒక గాలిమూత. అమ్మినాయన రిటైరైన లెక్కల మాస్టారు. జేబులోంచి అద్దం తీసి ఆ మూత దగ్గర పెట్టాడు. అద్దం మసకబారింది, తేటపడింది, మళ్లీ మసకబారింది.

"చూశారుగా. నిమిషానికి పన్నెండు" అన్నాడు మాస్టారు. "పాతికేళ్లలో ఒక్కటి తగ్గలేదు. ఈ మధ్య వచ్చే పడవలకి ఎనిమిది ఉంటే గొప్ప."

నురగాయన ఊపిరి సంగతి పెద్దగా పట్టించుకోలేదు. అడుగున నీళ్లు ఊరుతాయా అని అడిగాడు.

ఊరుతాయి. షెడ్డులో మొదటి వారమే తెలిసింది, ఆ పడవలో ఊరని చోటు లేదని. కిటికీ చట్రాలు వదులు. వైర్లు దూర్చిన కన్నాలన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆయన కప్పు నుంచి అడుగు దాకా అంగుళం అంగుళం నురగ పూసుకుంటూ పోయాడు. ఎక్కడ పూసినా బుడగే. బుడగ ఉబ్బేది, తగ్గేది, మళ్లీ ఉబ్బేది. పడవ ఊపిరి వదిలినప్పుడల్లా అతుకులన్నీ నురగతో గుసగుసలాడేవి. ముప్పై ఏళ్లలో ఇంత అధ్వాన్నమైన కేసు ఆయన చూడలేదు. మొహం గంటు పెట్టుకుని రబ్బరు పట్టీలు, జిగురు గొట్టాలు తెచ్చుకుని కూర్చున్నాడు.

షెడ్డులో ఇంజన్లు చూసే ఆవిడని అందరూ అక్కా అంటారు. ఆవిడ కంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే అంటారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"అది కారడం కాదు బాబాయ్. ఊపిరి."

"అదే అక్కా నేననేది. ఊపిరి ఊరికే బయటికి పోతోంది."

"పోవాలి కదా మరి?"

"ఎందుకు పోవాలి?" నురగాయనకి నిజంగానే అర్థం కాలేదు. లోపలున్నది బయటికి పోనివ్వకుండా ఆపడమే కదా ఆయన బతుకంతా చేసింది.

నెల రోజులకి బ్యాటరీ, దీపం, అడుగున చేరిన నీళ్లు తోడే చిన్న మోటారు బిగించాడు. స్టీరింగు తీగ మార్పించాడు. పడకల కొలతలు తీసుకోవాలని భార్య రిక్షాలో వచ్చింది. టేపు మెడలో వేసుకుని క్యాబిన్‌లోకి దిగి, పరుపు లేని చెక్క మీదే నడుం వాల్చింది. "రెండు నిమిషాలు" అంది.

రెండు గంటలు పడుకుంది. ఒక్క దగ్గు లేదు. ఇంట్లో ఆవిడ పడుకుని నిద్రపోయి ఎన్ని నెలలైందో. గోడకి జారబడి, కూర్చున్న చోటే తెల్లవార్చేది. నురగాయన క్యాబిన్ గుమ్మంలో కూర్చుని, చేతిలో జిగురు గొట్టం ఎండిపోతున్నా కదలకుండా విన్నాడు. ముందు పడవ ఊపిరి తీసేది. దాని వెనకే ఆవిడ తీసేది. పడవ వదిలేది, ఆవిడ వదిలేది. చిన్నపిల్లకి అక్షరాలు దిద్దిస్తున్నట్టుగా ఉంది.

లేచాక ఆవిడ అంది. "ఇక్కడ గాలి మెత్తగా ఉందండీ."

నాలుగు మాటలు, మధ్యలో ఆగకుండా. నురగాయన అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. సగం సీలు వేస్తేనే ఇంత మెత్తగా ఉంటే పూర్తిగా వేస్తే ఎంత బావుంటుంది అనుకున్నాడు. ఆయన పొరపాటంతా అక్కడే ఉంది. ఆ పొరపాటు ఇంకొకళ్లు చెయ్యలేరు. కిటికీలు తెరవడం అందరికీ తెలుసు. చల్లదనాన్ని తలుపేసి దాచుకోవడం ఫ్రిజ్‌ మెకానిక్‌కే తెలుసు.

ఆ తర్వాత రెండు నెలలు ఆయన మనిషి కాదు. తిండి లేదు, కునుకు లేదు. ఇంట్లో ఆవిడ కుట్టు మీదకి వంగి, ఒక కుట్టు వేసి ఒకసారి ఆయాసపడుతూ, పడకలకి నీలం రంగు పరుపులు కుట్టింది. వద్దన్నా వినలేదు. ఆవిడ పెదాల రంగు రోజురోజుకీ ఆ గుడ్డ రంగుకి దగ్గరవుతుంటే ఆయన చూసి కూడా చూడనట్టు ఉండేవాడు. షెడ్డుకి పరిగెత్తి ఇంకో కన్నం మూసేవాడు. ఆయన చేతుల్లో ఉన్నది అదొక్కటే. క్యాబిన్ తలుపుకి ఫ్రిజ్ తలుపుకుండే రబ్బరు పట్టీ బిగించాడు. పెట్రోలు వాసనకి ఆవిడ దగ్గుతుందని, వెనకున్న ఎర్ర ట్యాంకు మూత మీద గాలి ఆడే చిన్న మరని కూడా బలంగా తిప్పి బిగించాడు. చివరికి మిగిలింది కప్పు మీది గాలిమూత. దానికీ రబ్బరు బిళ్ల కోసి పెట్టాడు. నురగ పూసి చూశాడు. ఎక్కడా బుడగ లేదు. నురగ తెల్లగా, నిండుగా, కదలకుండా ఉంది. అమ్మయ్య అనుకున్నాడు.

మబ్బులు దిగిన రోజు పొద్దున్నే పడవని నీళ్లలోకి దింపారు. అక్క చెవి ఆనించి విని, మొహం చిట్లించింది.

"బాబాయ్, పన్నెండు లేవు. అయిదున్నాయి."

"నీళ్లలో పడితే సర్దుకుంటుందిలే."

"సర్దుకోదు బాబాయ్. ఆ పై మూతన్నా తీసెయ్యి."

"తీస్తాలే అక్కా, ఆ సిమెంటు రేవు దాటనీ. ఆ దుమ్ము చూడు." అక్క చెప్పింది ఆయన పెడచెవిన పెట్టాడు. భార్యని కుర్చీతో సహా ఎత్తి పడవలోకి చేర్చారు. ఆవిడ పరుపు మీద ఒరిగి, బయటికి చూస్తూ "తలుపు..." అంది.

"వేస్తున్నా, వేస్తున్నా" అని ఆయన తలుపు వేశాడు. రబ్బరు పట్టీ ముద్దుగా అతుక్కుంది.

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. సిమెంటు రేవు దాటారు. ఒడ్లు రెండూ దూరమయ్యాయి. నీళ్ల మీద నిజంగానే దుమ్ము లేదు. ఆయన గుండెల నిండా పీల్చుకుని "చూశావుటే!" అని అరవబోతుండగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

తాళం తిప్పాడు, పలకలేదు. గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బుడ్డి నొక్కాడు. అది అణిగినది అణిగినట్టే ఉండిపోయింది. మళ్లీ తాళం, మళ్లీ బుడ్డి. పడవ ప్రవాహానికి అడ్డం తిరిగింది.  అప్పుడే ట్యాంకు వైపు చూశాడు. నిండు ట్యాంకు. కానీ దాని పక్కలు రెండూ లోపలికి పీక్కుపోయి, జబ్బుమనిషి బుగ్గల్లా ఉన్నాయి. మూత మీది మరని వదులు చేశాడు. ట్యాంకు పెద్దగా ఊపిరి పీల్చుకుంది. పక్కలు పొంగాయి.

ఆ పొంగడం చూడగానే ఆయన గిరుక్కున క్యాబిన్ తలుపు వైపు తిరిగాడు. అప్పుడు వినిపించింది, లోపల్నించి తలుపు మీద వేళ్ల చప్పుడు. ఎప్పట్నించి కొడుతోందో. కొట్టడం కూడా కాదు, గోకడం.

తలుపు లాగాడు, రాలేదు. వేసిన వెంటనే తెరవబోతే ఫ్రిజ్ తలుపు మొండికేస్తుందే, అలా బిగుసుకుంది. వందల మందికి ఆయనే చెప్పాడు, కంగారుపడకండి, నిమిషం ఆగితే అదే వస్తుందని. ఇప్పుడు నిమిషం ఎక్కడుంది? లోపల పడవ గాలి కోసం పీల్చి పీల్చి గుమ్మాన్ని పట్టుకుని ఉంది. రెంచీ తీసుకుని కప్పు మీదకి పాకాడు. ఈత రాదన్న సంగతి కూడా గుర్తు లేదు. ఒక్క దెబ్బకి గాలిమూత ఎగిరి నీళ్లలో పడింది. గాలి బుస్సున లోపలికి పోయింది.

చెవి పెట్టాడు. ఏమీ లేదు. పడవ తీయడం లేదు, వదలడం లేదు.

"నన్ను తిట్టవే" అని ఆ కన్నంలోకి అరిచాడు. "ఒక్క మాట తిట్టవే తల్లీ!"

గోకడం కూడా ఆగిపోయింది. నురగాయన ఆ కన్నానికి నోరు ఆనించి ఊదాడు. తన దగ్గరున్నదంతా ఊదాడు. మళ్లీ ఊదాడు. కళ్లు బైర్లు కమ్మేదాకా ఊదాడు. ఏడోసారో ఎనిమిదోసారో, అడుగు నుంచి మొదలై పడవ మొత్తం ఒక్కసారి ఉబ్బింది. పాతికేళ్లుగా తీసిన ఊపిరులన్నీ పోగేసినట్టు పొడుగ్గా, ఆగకుండా వదిలింది. అందులో కొంచెమే ఆయన మొహానికి తగిలింది. తడి చెక్క, పెట్రోలు, ఆవిడ తలనూనె వాసన వేసింది. మిగతాదంతా లోపలికే వెళ్లింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

ఆయన కప్పు మీంచి జారి, మోకాళ్లు చీరుకుపోతూ లోపలికి పడ్డాడు. ఆవిడ నీలం పరుపు మీద లేచి కూర్చుని ఉంది. ఛాతీ నిండుగా లేచింది, నెమ్మదిగా దిగింది. మళ్లీ లేచింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని లెక్కపెట్టాడు. లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. పన్నెండు.

ఇప్పుడిక పడవ తీయాలి. ఆయన కాచుకుని కూర్చున్నాడు. అది తీయలేదు. పైకి వెళ్లి గిన్నెలోని నురగ తీసి ఆ కన్నం అంచుల చుట్టూ పూశాడు. ఒక్క బుడగ లేవలేదు. ముప్పై ఏళ్లు ఏ దృశ్యం కోసం పాటుపడ్డాడో అదే కళ్లముందుంది. ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇంజను మళ్లీ అందుకుని ఒడ్డుకి వచ్చాక అక్క పడవకి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత రేవు మెట్లెక్కుతున్న నురగాయన భార్యని చూసింది, పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంది.  పడవకి తాడు అక్కే కట్టింది.

పది రోజులకి వానలు వచ్చాయి. ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. నురగాయన ఇప్పుడు దేన్నీ మూయడు, డబ్బా మూతలు కూడా. జల్లు నేరుగా పడి మిషనూ మంచమూ తడిసిపోయాయి. ఆవిడ వంటగదిలోంచి వచ్చి చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది. "మతుందా అసలు మీకు, ఇంట్లో వానా బయట వానా అయితే మనుషులెక్కడుండాలి, మీ నాన్న కూడా ఇంతే, పెళ్లిలో నాలుగు గొడుగులు పోగొట్టాడు" అని మొదలుపెట్టి గొడుగుల చిట్టా అంతా చదివి, ఆయన సైకిలు, ఆయన గిన్నె, ఆయన చెవుడు, ఒక్కటీ వదలకుండా, ఎక్కడా ఆగకుండా తిట్టింది. ఆయన తడుస్తూ నిలబడి చివరిదాకా విన్నాడు.

తర్వాత గొడుగు లేకుండానే షెడ్డుకి వెళ్లాడు. కప్పెక్కి, గాలిమూత పోయిన ఆ కన్నానికి నోరు దగ్గరగా పెట్టి, ఆ తిట్లన్నీ మొదట్నించి పడవకి చెప్పాడు.