పిన్ని ఊపిరి తీసుకునే చోటు

“తొందరపడుతున్నావమ్మా,” అన్నాడు మాస్టారు.

ఏడాది తర్వాత తిరిగొచ్చిన మొదటి సాయంత్రమే కండక్టరుకి పడిన మాట అది. మిగతావాళ్ళ చేతులు ఇంకా నడుం దగ్గరే ఉన్నాయి. ఆమెవి భుజాలు దాటి పైకి పోయాయి. బస్సు ఆగకముందే దిగిన మనిషిలా గది మధ్యలో ఒక్కతే తూలి నిలబడింది.

“రైట్ రైట్ అనకముందే బండి కదిలితే ఎట్లా కండక్టరూ?” అన్నాడు దర్జీ. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కండక్టరు కూడా నవ్వింది గానీ చెవులు కాలాయి.

అరిగిన టైర్లకి కొత్త రబ్బరు అతికే షాపు మీది గది అది. కింద సమ్మెట దెబ్బలు, కాలిన రబ్బరు వాసన. పైన చెక్క నేల, రెండు కిటికీలు, మూలన సాధనకి చేతిలో పట్టుకునే రాగి కడ్డీల కట్ట. పని దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి, మొహం కడుక్కుని, దర్జీ కుట్టిన పట్టు అంగీలు పైన తొడుక్కుని, యురిథ్మీ సాధన చేసేవాళ్ళు. అదేం నాట్యం అని అడిగితే నాట్యం కాదు. తాళం లేదు, గజ్జె లేదు, కథ లేదు. మాటని కంటికి కనబడేలా చేయడం. ప్రతి శబ్దానికీ ఒక కదలిక ఉంది. ‘అ’ అంటే చేతులు విచ్చుకుంటాయి. ‘ల’ అంటే కింద నుంచి దేన్నో తోడి, పైకెత్తి, జారవిడుస్తాయి. ఒకరు నిలబడి కవిత్వం చదువుతారు, మిగతావాళ్ళు దాన్ని ఒళ్ళంతా పలుకుతారు. కింద షాపువాళ్ళు పెట్టిన పేరు ‘ఈగలు తోలే సంఘం’. పెట్టుకోనీ. పొద్దంతా ఒకరి కోసం వంగిన నడుం సాయంత్రం తన కోసం నిటారుగా నిలబడితే కొందరికి నవ్వొస్తుంది.

వాళ్ళలో వాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. టేపుకీ ఫోనుకీ చచ్చినా కదలరు. యంత్రం ఊపిరి తీసుకోదు. చదివే మనిషి ఊపిరి లోపలికి పీల్చినప్పుడే కదిలేవాళ్ళ చెయ్యి లేవాలి. శబ్దం విన్నాక లేపితే అది కదలిక కాదు, కాపీ కొట్టడం. కాబట్టి వాళ్ళు చెవులతో వినేది మాటని కాదు, మాటకి ముందున్న ఊపిరిని.

ఆ ఊపిరి పిన్నిది.

కండక్టరుకి సొంత పిన్ని, మిగతా అందరికీ కూడా పిన్నే. కూరగాయల టోకు మార్కెట్లో బస్తాల మధ్య నిలబడి వేలం కేకలు వేసే పని ఆమెది. పొద్దున ఉల్లిపాయలకి, సాయంత్రం కవిత్వానికి ఒకటే గొంతు, కాకపోతే ఉల్లిపాయలకే జనం ఎక్కువ ఏడుస్తారు అనేది. కండక్టరు తల్లి పోయినప్పుడు పసిదాన్ని చంకనెత్తుకున్న మనిషి, మళ్ళీ కింద దించలేదు. నడక వచ్చాక ఈ గదికి తెచ్చి నేల మీద వదిలింది. అప్పట్నుంచీ పిన్ని చదవడం, ఈమె కదలడం.

ఈ సాధన నేర్పే మాస్టారు కుర్రతనంలో రాసిన ఒక గేయం వాళ్ళకి ప్రాణం. ఆయన రాసినవాటిలో నిలబడింది అదొక్కటే, ఆ సంగతి ఆయనే ఒప్పుకుంటాడు. అందులో ఒక పొడుగాటి పాదం ఉంది.

ఎండిన ఏటి ఇసుక కింద ఏరొకటి ఇంకా నడుస్తున్నది.

ఇసుక కింద నీరు తెగకుండా పోవాలి కాబట్టి ఆ పాదం ఒక్క ఊపిరిలో పోవాలి. కండక్టరు చేతులు ముందుకు పోయింది అక్కడే.

డిపో గేటు ముందు జెండా పట్టుకుని కూర్చున్నందుకు ఆమెని ఏడాది పాటు వేరే ఊరి డిపోకి విసిరేశారు. అక్కడ అద్దెగదిలో రోజూ డ్యూటీకి ముందు, పిన్ని గొంతు మనసులో పెట్టుకుని, గుమ్మం నుంచి కిటికీ దాకా ఆ పాదం నడిచేది. ఒక్కరోజు మానలేదు. తీరా వస్తే ఇదీ మర్యాద. ఇంటికొచ్చాక పిన్నినే అడిగింది, నిజంగానే ముందుకు పోతున్నానా అని. పిన్ని ఉతికిన బట్టలు మడతపెడుతూ అటువైపు తిరిగే ఉంది.

“మాస్టారు చెప్పాడుగా. నా వెనకాల రా, నా ముందు పోకు.”

పిన్ని మాటకి తిరుగేముంది? కండక్టరు తప్పు తనదేననుకుంది. ఒంటరిగా సాధన చేస్తే ఇంతే, పాడైన గడియారంలా ఎవరి టైము వాళ్ళదైపోతుంది అనుకుంది. ఇక పట్టుబట్టి తనని తాను నెమ్మది చేసుకుంది. బస్సులో టిక్కెట్టు చింపుతూ, పెదవులు కదలకుండా ఆ పాదం చెప్పుకునేది. ‘కింద’ దగ్గర మిగతావాళ్ళు ఆగుతున్నారు కదా అని తనూ ఆగేది. గదిలో కళ్ళు మూసుకుని నర్సు అంగీ గరగర విని, అది ఆగినప్పుడు ఆగేది. అలవాటైంది. ఒకరోజు మాస్టారు, “ఇప్పుడు కలిశావమ్మా,” అన్నాడు. ఆ రాత్రి ఆమె రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

పిన్ని మాత్రం ఆ గది మెట్ల మధ్యలో కూర్చుని చెప్పు పట్టీ సరిచేసుకుంటూ ఉండేది. పాత చెప్పులు మరి, కొత్తవి కొనుక్కోమంటే వినదు అనుకునేవాళ్ళు. దర్జీ అయితే, “పిన్నీ, చెప్పులకి కూడా వేలం పెట్టు, ఎవడైనా తీసుకుపోతాడు,” అనేవాడు. పిన్ని నవ్వేది. నవ్వి, కాసేపాగి లేచేది.

వేరే ఊళ్ళో గది ఖాళీ చేయమని ఇంటాయన కబురు పెడితే, మిగిలిన ట్రంకు పెట్టె తెచ్చుకోవడానికి సెలవు పెట్టి వెళ్ళింది కండక్టరు. పరుపు చుట్టేసింది. మేకుకి ఉన్న అద్దం తీసేసింది. ఖాళీ గదిని చూస్తే, ఒక్కసారి నడిచి పోదాం అనిపించింది. గుమ్మం దగ్గర నిలబడి పిన్ని ఊపిరిని తలుచుకుని మొదలుపెట్టింది.

గది మధ్యలో ఆగిపోయింది.

ఆగి, కిటికీ వైపు చూసింది. కిటికీ గొళ్ళెం మీద రంగు పోయి ఇనుము తేలి ఉంది. ఏడాది పాటు రోజూ ‘నడుస్తున్నది’ అనే మాటకి తన చెయ్యి వెళ్ళి తాకిన చోటు అది. మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ ‘కింద’ దగ్గర కాళ్ళు నిలబడిపోయాయి, ఎవరో భుజం పట్టుకున్నట్టు. ఈ గదిలో తను ఎన్నడూ ఆగని చోట. గొళ్ళెం అబద్ధం చెప్పదు. ఒకప్పుడు ఒక్క ఊపిరిలో ఇక్కడి నుంచి అక్కడికి చేరింది, చేర్చింది పిన్ని.

ట్రంకు పెట్టె మీద కూలబడింది. తను ముందుకు పోలేదు. వాళ్ళంతా వెనకబడ్డారు. పిన్ని ఊపిరి రోజుకి ఆవగింజంత తగ్గుతుంటే, వాళ్ళు రోజుకి ఆవగింజంత తగ్గించుకుంటూ వచ్చారు. ఊపిరిని వినడంలో ఆరితేరినవాళ్ళు కదా. అది పోతుంటే దాని వెంటే పోయారు, ఒక్కరికీ తేడా తెలియలేదు. తెలిసిన ఒక్క ఒంటినీ తొందర అని తిట్టి దారికి తెచ్చుకున్నారు. ఆ ఒళ్ళు కూడా సిగ్గుపడి దారికొచ్చింది.

పెట్టె అక్కడే వదిలేసి బస్టాండుకి పరిగెత్తింది. తిరుగు బస్సులో సీటున్నా కూర్చోలేకపోయింది.

ఇంట్లో పిన్ని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కండక్టరు మొహం చూసి, అడగకముందే తల దించుకుంది.

“ఎప్పట్నుంచి పిన్నీ?”

“నువ్వెళ్ళిన చలికాలం నుంచి.”

మార్కెట్లో కేకల పని తీసేసి, పక్కన తూకం చీటీల దగ్గర కూర్చోబెట్టి అప్పటికి చాలా నెలలైందట. ధర మధ్యలో ఆగిపోతుంటే బేరగాళ్ళు నవ్వారట. ఇవన్నీ పిన్ని ముక్కలు ముక్కలుగా చెప్పింది, ఒక్కో ముక్కకీ ఊపిరి తెచ్చుకుంటూ. మరి గదిలో ఎవరికీ ఎందుకు చెప్పలేదని కండక్టరు అడిగింది.

“మార్కెట్లో నేను ఆగితే, ఆగానని తెలిసేది. మేడ మీద నేను ఆగితే అందరూ ఆగేవాళ్ళు. అందరూ ఆగిన చోట ఆగడమేముందే? అక్కడ నాకు జబ్బు లేదు.”

“నేనొచ్చి ముందుకు పోయానుగా.”

“భయమేసింది. అందుకే వెనకాల రమ్మన్నా.”

కండక్టరుకి కోపం రావాల్సింది. పిన్ని పాదాల దగ్గర కూర్చుని ఆ చెప్పులు చేతిలోకి తీసుకుని చూసింది. పట్టీలు శుభ్రంగా ఉన్నాయి. ఎన్నడూ తెగలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఫిల్ము వెలుగుకి పెట్టి చూశాడు. బస్తాల దుమ్ము ఏళ్ళ తరబడి పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నాడు. ముందే తెస్తే కొంత ఆపగలిగేవాళ్ళం, దగ్గరున్నవాళ్ళకి తేడా తెలియలేదా అని అడిగాడు. నర్సు పక్కనే ఉంది. పొద్దస్తమానం జనం ఛాతీల మీద చెవి పెట్టే మనిషి. గోడ వైపు తిరిగింది. మాస్టారు మెల్లగా, “మేం మరీ బాగా నేర్చుకున్నామండీ,” అన్నాడు. డాక్టరుకి అది అర్థం కాలేదు.

కండక్టరు మార్కెట్ ఆఫీసుకి వెళ్ళింది. ముక్కుకి కట్టుకోవడానికి గుడ్డముక్కైనా ఎందుకివ్వలేదని నిలదీసింది. దుమ్ములేని మార్కెట్ ఎక్కడుందమ్మా అన్నాడు అధికారి, తలుపులన్నీ బిగించిన ఏసీ గదిలో కూర్చుని. ఆ గదిలో నిజంగానే దుమ్ము లేదు. ఆమె మర్నాడు కూడా వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. హమాలీలు పని ఆపి వెంట నిలబడ్డాక మూతిగుడ్డలు వచ్చాయి. పిన్నికి మాత్రం అప్పటికి అంతకంటే పెద్ద మూతిగుడ్డ వచ్చింది, గొట్టంతో సహా.

చివరి రోజుల్లో పిన్నికి మాట లేదు. ఒక మధ్యాహ్నం కండక్టరు మంచం పక్కన కూర్చుని ఉండగా, దుప్పటి మీద పిన్ని చెయ్యి కదిలింది. బతుకంతా చదివిందే తప్ప ఏనాడూ కదలని మనిషి. వేళ్ళు ఈ అంచు దగ్గర లేచాయి, ఇసుకని తడిమాయి, దాని కిందికి వెళ్ళాయి. కండక్టరు తనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టింది, ‘కింద’ దగ్గర ఆగుతుందని. చెయ్యి ఆగలేదు. నెమ్మదిగా, తెగకుండా, ఆ అంచు దాకా వెళ్ళి వాలింది. పిన్ని కళ్ళు తిప్పి ఆమెని చూసింది, చూశావా అన్నట్టు.

రెండు రోజులకి పోయింది.

చాలాకాలం ఆ గది తలుపు తీయలేదు. కింద షాపువాళ్ళే ఒకరోజు దర్జీని పిలిచి, పైన చప్పుడు లేక పని సాగట్లేదయ్యా అన్నారు. చిన్నపిల్లల బడిలో చదువు చెప్పే ఒకమ్మాయి, మంచి గొంతు, చదవడానికి ఒప్పుకుంది. అందరూ అంగీలు తొడుక్కున్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

టీచరమ్మ ఆ పాదం ఒక్క ఊపిరిలో గలగలా చదివేసింది. గదిలో అందరూ ‘కింద’ దగ్గర ఆగిపోయారు.

చేతులు సగం పైకి లేచి ఉన్నాయి. దర్జీవి, నర్సువి, మాస్టారువి, కండక్టరువి కూడా. అక్కడ ఊపిరి తీసుకునే మనిషి లేదు. అయినా ఆ మనిషి కోసం అందరూ ఆగారు. టీచరమ్మ భయపడి, తను తప్పు చదివానా అని అడిగింది. నర్సు ఏడ్చేసింది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఇకనుంచి అక్కడ ఆగే చదవమ్మా అని టీచరమ్మకి చెప్పాడు. పిన్ని మనకి వదిలిపోయింది ఇదొక్కటే, దీన్ని పోనివ్వద్దు అన్నాడు. దర్జీ తలూపాడు. అందరికీ అదే న్యాయంగా తోచింది.

“అది పిన్ని ఊపిరి కాదు మాస్టారూ,” అంది కండక్టరు. “పిన్ని జబ్బు.”

ఆమె మంచం మీది చెయ్యి సంగతి చెప్పింది, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎలా ఆగకుండా పోయిందో. చెప్పడం అయ్యాక మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. “మాకు అది రాదమ్మా ఇప్పుడు. పోయింది. నీకొచ్చా?” అన్నాడు.

ఇందాక ఆగినవాళ్ళలో కండక్టరూ ఉంది. ఆ ఊపిరి లోకంలో తన ఒంట్లో ఒక్కచోటే మిగిలి ఉండేది. మెప్పు కోసం దాన్ని చెరిపేసుకుంది.

మర్నాటి నుంచి డ్యూటీకి ముందు ఒక్కతే వచ్చి, గోడ నుంచి కిటికీ దాకా నడిచేది. ‘కింద’ దగ్గర కాళ్ళు నిలబడిపోయేవి. తిట్టుకుని మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళేది. కింద టైరు కుర్రాళ్ళు, పైన ఒక్క ఈగే మిగిలింది కాబోలు అని నవ్వుకునేవాళ్ళు. వానలు వచ్చాయి, పోయాయి.

ఒక సాయంత్రం అందరూ ఉండగా టీచరమ్మ చదువుతోంది. ‘కింద’ వచ్చింది. కండక్టరు మోకాలు బిగిసింది, వదిలింది. ఆమె దాటిపోయింది. చెయ్యి వెళ్ళి కిటికీ చెక్కకి తగిలేదాకా తను దాటానని తెలియలేదు.

వెనక్కి తిరిగి చూసింది. గది మధ్యలో వాళ్ళంతా చేతులు సగం లేపి నిలబడిపోయి ఉన్నారు, పిన్ని ఆగిన చోట, పిన్నితోపాటు. ఈసారి తొందర అని ఎవరూ అనలేదు. ఒక్క అడుగు వెనక్కి వేసి వాళ్ళలో కలిసిపోదామా అనిపించింది. అక్కడ పిన్ని ఇంకా మెట్ల మీద కూర్చుని చెప్పు సరిచేసుకుంటున్నట్టే ఉంది. ఇక్కడ, కిటికీ దగ్గర, ఎవరూ లేరు.

చెంపలు తుడుచుకుంది.

“మళ్ళీ చదువమ్మా,” అంది టీచరమ్మతో. “మేం ఆగితే ఆగనీ. నువ్వు మాత్రం ఆగకు.”