మూడో అక్షరం

మెయిల్ వచ్చేసరికి మా అత్తగారు పప్పు కుక్కర్ కూతలు లెక్కపెడుతున్నారు. నేను కబుర్లు చెప్పి ఆవిడ లెక్క తప్పిస్తున్నాను.

"మీరు చూసిన ఉల్లంకి పిట్ట కాలికి ఆ పచ్చబిళ్ల తొడిగింది నేనే, పదమూడేళ్ల కిందట," అని రాసింది ఎక్కడో దూరదేశపు శాస్త్రవేత్త. "బిళ్ల మీద ఉందని మీరు రాసి పంపిన ఆ కె-7-ఏ ఆరేళ్లుగా ఎవరికీ కనబడలేదు. పోయిందనుకున్నాను. రేపు సాయంత్రం జాబితాలో 'బతికే ఉంది' అని మారుస్తాను. నా సంతోషం మీకెలా చెప్పను!"

నేను గరిటె పట్టుకునే గంతులేశాను. మెయిల్ తీసుకెళ్లి మా ఊరి పక్షుల గ్రూపులో పెట్టాను. నిమిషంలో నలభై చప్పట్లు. గ్రూపు పెద్ద, రిటైరైన పోస్ట్‌మాస్టరు గారు, "జంటకు అభినందనలు" అన్నారు. పిట్ట ఒక్కటే కాబట్టి అవి మాకేనని తీసేసుకున్నాను.

మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చి మెయిల్ రెండుసార్లు చదివారు.

"చివర ఈ 'ఏ' ఎక్కడిది?"

"మీరు చెప్పిందే. మీరు టెలిస్కోపులో చూసి చెప్పారు, నేను రాశాను. కె, సెవెన్, ఏ."

"కె, సెవెన్ దాకానే కనబడింది. అంతలో ఎగిరిపోయింది. 'ఏయ్!' అని నిన్ను పిలిచాను."

అత్తగారు కూతల లెక్క వదిలేసి ఇటు తిరిగారు.

"పెళ్లయి ఇరవై ఆరు రోజులు," అన్నారు కొడుకుతో. "పిల్లకి లక్షణమైన పేరుంది. అది పెట్టి పిలిచి ఉంటే, పోయిన పిట్ట లేచి వచ్చేది కాదుగా?"

"నువ్వు మాత్రం నాన్నని పేరు పెట్టి పిలిచావా అమ్మా?"

"నేను పిట్టల లెక్కలు రాయలేదురా."

మా ఆయన గొంతు తగ్గించారు. "ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

నాకు తెలుస్తుంది. అక్కడ ఆ శాస్త్రవేత్త, లేని పిట్టని తలుచుకుని మురిసిపోతూ ఉంటుంది. గరిటె కింద పెట్టి జవాబు రాశాను: "క్షమించండి. మూడో అక్షరం పిట్టది కాదు, నాది. మా ఆయన నన్ను పిలిచిన పిలుపు. జాబితా మార్చకండి." అదే గ్రూపులోనూ పెట్టాను. చప్పట్లు నలభై దగ్గరే ఆగిపోయాయి. నవ్వులు అరవై రెండు వచ్చాయి. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గు కన్నా మురిపెమే ఎక్కువైంది. మా ఆయన పిలుపు ఖండాలు దాటింది మరి.

అన్నం వార్చేలోగా శాస్త్రవేత్త జవాబు వచ్చింది.

"పెళ్లి శుభాకాంక్షలు. కె-7తో మొదలయ్యే బిళ్లలు తొమ్మిది పిట్టలకు వేశాను. 'ఏ' కూడా అందులో ఒకటి. కాదని కూడా మీరు చూడలేదు కదా? రేపు సాయంత్రం దాకా ఎదురుచూస్తాను."

ఆ ఆఖరి మాట పైకి చదివేసరికి ఇంట్లో అందరం సముద్రం పోటు వేళల పట్టిక మీద పడ్డాం. పొద్దున ఆరింటికి పోటు. నీళ్లు పైకొస్తే పిట్టలన్నీ ఉప్పుమడుల గట్టు మీదికి చేరతాయి.

"నేనూ వస్తాను," అన్నారు అత్తగారు స్టవ్ కట్టేస్తూ. "వాడు బిళ్ల చదువుతాడు, నువ్వు రాయి. నేను మధ్యలో నిలబడి వాడి నోరు కనిపెట్టుకుని ఉంటాను. ఐదుంబావుకల్లా ఇద్దరూ చెప్పులేసుకుని గుమ్మంలో ఉండాలి."