ఎనిమిది కాగితాలు

పొద్దున్న తొమ్మిదింటికి కటింగ్ మిషన్ మొదటిసారి దడేల్‌మనగానే చదువులమ్మ తన ఎత్తు స్టూలెక్కి కూర్చునేది. బైండింగ్ షెడ్డులో ఆమె పని అదే. కింద పద్దెనిమిది మంది ఆడవాళ్ళు బల్లల ముందు వరసగా కూర్చుని, అచ్చయి వచ్చిన పెద్ద షీట్లు మడతపెడుతూ, కుడుతూ, జిగురు రాస్తూ ఉంటారు. ఆమె పైన కూర్చుని సాయంత్రం దాకా వాళ్ళకి పుస్తకం చదివి వినిపించాలి. చెవులు ఖాళీగా ఉంటే కబుర్లు మొదలవుతాయి, కబుర్లు మొదలైతే మడతలు వంకర పోతాయి అని యజమాని నమ్మకం. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చేరిన మొదటి వారంలోనే ఎవరో చదువులమ్మ అన్నారు, అదే ఖాయమైపోయింది.

ఏం చదవాలన్నది మాత్రం ఆమె చేతుల్లో లేదు, యజమాని చేతుల్లోనూ లేదు. అది బీరువా చేతుల్లో ఉంది. షెడ్డు మూలనున్న ఆ చెక్క బీరువాలో రెండు వందల పుస్తకాలున్నాయి గానీ, అది ఒకసారికి ఒక్కటే ఇస్తుంది. మిగతావి గోడలో ఇటుకల్లా బిగుసుకుని ఉంటాయి. ఇచ్చినదాన్ని చదివి తిరిగి పెట్టేస్తే, మర్నాటికి ఇంకొకటి వేలెడు ముందుకు జరిగి కనిపిస్తుంది. దాన్ని లాగితే సుఖంగా వచ్చేస్తుంది. వర్షాకాలంలో తలుపు ఉబ్బుతుంది, ఎండాకాలంలో జిగురు చిక్కబడుతుంది, బీరువా తనకి నచ్చిన పుస్తకమే ఇస్తుంది. ఇందులో వింతేముంది?

బాధపడేవాడు ఒక్క గుమాస్తానే. పేపర్లో వచ్చిన ‘తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు’ జాబితా కత్తిరించి జేబులో పెట్టుకు తిరిగేవాడాయన. అందులో ముప్పై ఒకటి ఈ బీరువాలోనే ఉన్నాయట, కళ్ళెదురుగా ఉన్నాయట, చేతికి రావట. ఓ రోజు స్క్రూడ్రైవర్ పెట్టి ఒకదాన్ని పెకలించబోతే స్క్రూడ్రైవర్ పిడి ఊడి చేతికొచ్చి, వేలు తెగింది. బీరువాకి సాహిత్యం తెలీదని తీర్మానించి ఆయన కట్టు కట్టించుకోవడానికి వెళ్ళాడు.

అలాంటి బీరువా, ఆ ఏడాది, ఒకే పుస్తకాన్ని వరసగా నాలుగోసారి ఇచ్చింది.

మొదటిసారి అందరూ బాగుందన్నారు. భర్త ఎటో వెళ్ళిపోయిన ఒక ఇల్లాలి కథ. రెండోసారి వచ్చినప్పుడు సరిగ్గా సర్దలేదేమో అని చదువులమ్మని కాస్త వేళాకోళం చేశారు. మూడోసారికి కుట్టుపని చేసే పిన్ని, అంటే షెడ్డు మొత్తానికి పిన్ని, ఆ ఇల్లాలు నోరు తెరవకముందే ఆవిడ మాటలు తనే చెప్పేయడం మొదలుపెట్టింది. నాలుగోసారి ఆ గోధుమరంగు అట్ట వేలెడు ముందుకొచ్చి కనిపించేసరికి షెడ్డంతా ఒక్కటే మూలుగు. కిటికీలు లేని ఆ షెడ్డులో, ఆ రేకుల కింద, అవే మాటలు, అదే ఇల్లాలు, అదే వీధి. ఎవరో తమని ఆ కథలో పెట్టి అట్ట వేసి కుట్టేసినట్టుంది.

అందులో ఒకచోట మాత్రం ప్రతిసారీ గొడవే. ఇల్లు కదలని ఆ ఇల్లాలు ఉన్నట్టుండి తర్వాతి అధ్యాయంలో రైల్లో కూర్చుని ఉంటుంది. ఇదెప్పుడు బయల్దేరిందమ్మా అని పిన్ని అడిగితే, రచయిత అలాగే రాశాడు నేనేం చెయ్యను అని చదువులమ్మ జవాబిచ్చేది. గొప్ప పుస్తకాలు అలాగే ఉంటాయని, సగం మనమే పూరించుకోవాలని గుమాస్తా వివరించేవాడు. నిజానికి రచయిత అలా రాయలేదు. మధ్యలో ఎనిమిది కాగితాలున్నాయి. సరిగ్గా ఒక ఫారం, అంటే ఒక షీటు మడిస్తే వచ్చే పదహారు పేజీలు. చదువులమ్మ ఆ ఎనిమిదింటినీ ఒక్కసారే తిప్పేసేది.

ఎందుకంటే కింద రెండో బల్ల దగ్గర వదిన కూర్చుని ఉండేది.

చదువులమ్మకి ఆవిడ సొంత వదిన. అన్నయ్య భార్య. షెడ్డులో అందరూ కూడా వదినా అనే పిలిచేవారు. పదకొండేళ్ళ కిందట అన్నయ్య గొడుగు బాగుచేయించుకొస్తానని బయటికెళ్ళాడు, మళ్ళీ రాలేదు. గొడుగూ రాలేదు. వెతికారు, ఉత్తరాలు రాశారు, ఏడ్చారు, తర్వాత మానేశారు. ఒక్కటి మాత్రం మానలేదు. ఆయన దగ్గర తాళంచెవి లేదు కాబట్టి ఇంటికి తాళం వెయ్యలేదు. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడాల్సి వస్తే ఎలా? పదకొండేళ్ళుగా ఆ తలుపు ఉత్తినే దగ్గరగా వేసి ఉంటుంది. దొంగలు రెండుసార్లొచ్చారు. రెండోసారి వచ్చినవాడికి ఏమీ దొరక్క, తలుపు మళ్ళీ జాగ్రత్తగా దగ్గరికి వేసి పోయాడు. దాంతో ఆ ఇంట్లో ఉండే వదినామరదళ్ళిద్దరూ ఊరు విడిచి ఒక్క రాత్రి ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఎవరింటికి పెళ్ళికి వెళ్ళినా ఒకరే వెళ్ళాలి, సాయంత్రానికి వచ్చెయ్యాలి. తెరిచి ఉన్న తలుపు కదా అనుకుంటాం గానీ, మూసిన తలుపు కన్నా అదే గట్టిగా పట్టేసింది వాళ్ళని.

ఇప్పుడు యజమాని ఎనిమిది గంటల రైలు దూరంలో ఇంకో షెడ్డు తెరుస్తున్నాడు. మడత బల్లలన్నిటికీ పెద్దగా వదిన వెళ్ళాలన్నాడు. ఉండటానికి గది, చేతి కింద పన్నెండు మంది. శనివారం లోపల చెప్పాలి, లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాడు. చూద్దామండీ, ఆయనొస్తే ఇబ్బంది కదా అంది వదిన. చదువులమ్మకి ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. వెంటనే తన మీద తనకే అసహ్యమేసింది. కానీ ప్రాణం లేచిరావడం మాత్రం నిజం. వదిన వెళ్ళిపోతే ఆ ఇంట్లో, ఆ దగ్గరగా వేసిన తలుపు వెనక, తనొక్కతే మిగులుతుంది.

ఆ పుస్తకం మొదటిసారి చదువుతున్నప్పుడు, భోజనాల విరామంలో ఆమె పేజీ తిప్పి ముందు ఏముందో చూసింది. ‘ఆ రోజు ఆమె రెండో కంచం వెయ్యలేదు’ అని ఉంది. అంతే చదివింది. ఇది వింటే వదిన తట్టుకోలేదు, పాపం అనుకుంది. బెల్లు కొట్టగానే తర్వాతి అధ్యాయం దాకా ఒక్కసారే తిప్పేసింది. రెండోసారీ పాపమే అనుకుంది. మూడోసారి అలా అనుకోవడం కూడా మరిచిపోయి తిప్పేసింది.

మూడోసారి పుస్తకం నడుస్తున్న రోజుల్లోనే ఓసారి మధ్యాహ్నం వాదన వచ్చింది, అసలు తప్పక చదవాల్సిన పుస్తకమంటే ఏమిటని. గుమాస్తా జాబితా తీశాడు. అన్నం చల్లారిపోతున్నా లేవబుద్ధి కానిదే చదవాల్సిన పుస్తకం అంది పిన్ని. కటింగ్ మిషన్ ఆయన, సన్నగా ఉన్నది ఏదైనా సరే అన్నాడు. వదినని అడిగారు. ఆవిడ నున్నటి చెక్క బద్దతో మడత మీద ఒక్క రుద్దు రుద్ది, తలెత్తకుండానే చెప్పింది.

“చదివేవాళ్ళు దేన్ని దాటేద్దామనుకుంటారో, అది.”

అందరూ నవ్వారు. అలాగైతే లెక్కల పుస్తకం చదవాలి అని పిన్ని అంది. చదువులమ్మకి నవ్వు రాలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో వదిన ముఖం నాలుగైదుసార్లు చూసింది. అందులో ఏమీ కనిపించలేదు.

నాలుగోసారి ఆ ఎనిమిది కాగితాల దగ్గరికి వచ్చేసరికి శుక్రవారం మధ్యాహ్నం మూడైంది. యజమానికి జవాబివ్వడానికి ఇంకొక్క రోజుంది. చదువులమ్మ పేజీ చివరి వాక్యం చదివింది. అలవాటైన బొటనవేలు అలవాటైన చోటికి వెళ్ళి ఆ ఎనిమిదింటినీ కలిపి పట్టుకుంది.

“ఒక్కొక్క కాగితమే తిప్పమ్మా,” అంది వదిన.

పెద్దగా అనలేదు. చెయ్యి కూడా ఆపలేదు. కానీ పిన్ని సూది ఆగిపోయింది. కటింగ్ మిషన్ ఆయన మీట మీద చెయ్యి అలాగే ఉంచేశాడు.

“నీకెలా తెలుసు?” అంది చదువులమ్మ.

“పద్దెనిమిదేళ్ళుగా కాగితాలు మడుస్తున్నాను. ఒక కాగితం తిరిగిన చప్పుడూ ఎనిమిది తిరిగిన చప్పుడూ ఒకటేనా? పైగా ఆ పుస్తకం మన దగ్గర కట్టిందే. ఆ ఫారం నా చేతుల మీదే వెళ్ళింది.”

“మరి మొదటిసారే చెప్పలేదేం వదినా?”

ఆవిడ ఈసారి తలెత్తింది.

“నువ్వు చదవనంతకాలం నేనూ వినక్కర్లేదు కదా. నాకూ సుఖంగానే ఉంది. నీకు బాధనిపించి దాటేశావా, నాకు బాధని దాటేశావా?”

నీకు బాధనే దాటేశాను అనబోయింది చదువులమ్మ. కానీ ఎత్తు స్టూలు మీద, పద్దెనిమిది జతల కళ్ళ ఎదురుగా, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, చిన్నపిల్లలా, నాకే భయమేసింది వదినా అంది.

“నాకూ భయంగానే ఉంది. చదువు,” అంది వదిన.

ఆమె చదివింది. ఆ రోజు ఇల్లాలు రెండో కంచం వెయ్యలేదు. వేడివేడిగా తను తిన్నది. ఇన్నాళ్ళూ ఆయన వస్తాడేమోనని చూసి చూసి చల్లారాకే తినడం అలవాటైపోయి, నాలిక కాలింది. కాలిన నాలికతో ఆవిడ నవ్వుకుంది. తర్వాత రెండో కంచం కడిగి, తుడిచి, అలమారలో బోర్లించింది. మంచం మీద వాలి పట్టపగలు రెండు గంటలు నిద్రపోయింది. అంతే. పదహారు పేజీల్లో ఏడుపు లేదు, శాపనార్థాలు లేవు. ఒక మనిషి అన్నం తిని నిద్రపోయింది. దీనికా నేను ఇంత భయపడ్డాను అనుకుంటూ చదువులమ్మ ఒక్కొక్క కాగితమే తిప్పుతూ పోయింది. ఎనిమిదోదీ తిరిగాక పిన్ని ముక్కు చీదుకుని, ఓహో, అయితే రైలెక్కింది ఇందుకన్నమాట అంది.

వదిన ఎప్పుడు ఏడ్చిందో ఎవరూ చూడలేదు. ఆవిడ మడిచిన చివరి ఫారం మీద మాత్రం ఒక తడి మచ్చ ఉంది. ఆ ఫారం పక్కన పడేయాల్సి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ చేతిలో పాడైన కాగితం అదొక్కటే.

శనివారం పొద్దున్న వదిన యజమాని గదిలోకి వెళ్ళి, కొత్త షెడ్డుకి వెళ్తానని చెప్పి వచ్చింది. మిగతా పుస్తకం ఆ రోజు సాయంత్రానికి అయిపోయింది. ఆ దాటేసిన చోటు నిండాక కథ ఎందుకో చకచకా నడిచింది.

ఆదివారం మధ్యాహ్నం రైలు. పెట్టె సర్దుతుంటే వదిన ప్రతి రెండు నిమిషాలకీ ఆగి, నువ్వొక్కదానివే ఎలా ఉంటావే అంటూనే ఉంది. ఏమో, ఎలాగోలా ఉంటాను, పెందలాడే తిని పడుకుంటాను అంది చదువులమ్మ. తర్వాత ఇప్పుడే వస్తానని వీధి చివరి సామాన్ల దుకాణానికి వెళ్ళి ఒక తాళం కొనుక్కొచ్చింది. మామూలు తాళం, అరచేతిలో పట్టేది. దానితోపాటు రెండు తాళంచెవులిచ్చాడు దుకాణదారు. మూడోది కావాలంటే చేసిపెడతానన్నాడు. ఆమె దుకాణంలో నిలబడి కాసేపు ఆలోచించి, అక్కర్లేదండీ అంది.

ఇద్దరూ బయటికొచ్చారు. చదువులమ్మ తలుపు వేసి తాళం బిగించింది. పదకొండేళ్ళలో ఆ ఇంటి గొళ్ళేనికి తాళం తగలడం అదే మొదలు. తుప్పు రాలింది. ఇద్దరూ ఆ రాలిన తుప్పునే కాసేపు చూశారు. తర్వాత ఆమె ఒక చెవి తన కొంగున కట్టుకుని, రెండోది వదిన చేతిలో పెట్టింది.

“నువ్వెప్పుడొచ్చినా తాళం తీసుకుని లోపలికి వెళ్ళు. నాకోసం గుమ్మంలో నిలబడొద్దు.”

వదిన ఆ చెవిని పిడికిట్లో పట్టుకుంది. రైలు కదిలేదాకా ఆ పిడికిలి విప్పలేదు.

సోమవారం పొద్దున్న అందరూ బీరువా ముందు మూగారు. గోధుమరంగు అట్ట మిగతావాటి మధ్య ఇటుకలా బిగుసుకుపోయి ఉంది. పై అరలో ఎవరూ ఎప్పుడూ చూడని నీలం పుస్తకమొకటి వేలెడు ముందుకు జరిగి ఉంది. గుమాస్తా ఆత్రంగా జేబులోంచి జాబితా తీసి పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాడు. లేదు. ఆయన జాబితా మడిచి, కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

కటింగ్ మిషన్ దడేల్‌మంది. చదువులమ్మ స్టూలెక్కి నీలం పుస్తకం తెరిచింది. మొదటి పేజీ చదివింది, రెండోది చదివింది. అలవాటుకొద్దీ రెండో బల్ల వైపు చూసింది. అక్కడ చెక్క బద్ద ఒక్కటే ఉంది. ఆమె వేలు తడిచేసుకుని, ఆ చప్పుడు షెడ్డంతా వినిపించేలా, ఒక్క కాగితమే తిప్పింది.