పెచ్చూడిన కత్తి

ఆవకాయ ముక్క కొట్టే కత్తికి బరువుండాలి, వెన్ను మందంగా ఉండాలి. మెరుపుతో పనిలేదు. నా కత్తి విస్సన్నపేట కమ్మరి లారీ కమాను పట్టీని సాగగొట్టి చేసిచ్చింది. పద్దెనిమిదేళ్ళయింది. పని కాగానే పొడిగుడ్డతో తుడిచి, నువ్వుల నూనె రాసి, గోనెగుడ్డలో చుడతాను. నీళ్ళతొట్టిలో పడెయ్యను, ఇంకొకరి చేతికివ్వను. చూడ్డానికి నల్లగా ఉంటుంది. నేనూ అంతే. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి కాబట్టి మా ఇద్దరినీ ఎవరైనా ఏమైనా అనొచ్చు.

ఈ ఎండాకాలం అన్నవాడు శ్రీకాంత్. ముసునూరు దగ్గర నేను ముక్కలు కొట్టే పచ్చళ్ళ షెడ్డు యజమాని దశరథరామయ్యగారికి మేనల్లుడు. హోటలు వంటల కోర్సు చదివి, సూపర్‌వైజరుగా దిగాడు. వచ్చిన మూడో రోజున ఒక అట్టపెట్టె నా ముందు విప్పాడు. నాలుగు కత్తులు, అద్దాల్లా ఉన్నాయి.

"బాబాయ్, ఆ తుప్పు కత్తి పక్కన పెట్టెయ్. ఇది ఫారిన్ స్టీలు. గాల్లో పట్టుకున్న కాగితం తెగుద్ది, చూస్తావా?"

"కాగితం సరే. టెంక తెగుద్దా?"

"ఏదైనా తెగుద్ది."

అంచు మీద అడ్డంగా బొటనవేలు ఆనించి చూశాను. ఆకంత పల్చన. "ఇది టమాటాలకి బాబూ. ఇంత పల్చటి ఉక్కు టెంక మీద దెబ్బకి ఆగదు. పెచ్చు ఊడుద్ది."

"ఉక్కు గురించి ఏ కాలేజీలో చదివావేంటి?" అన్నాడు.

ముక్కల్లో జీడి తీసే ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నేను నా కత్తి వదల్లేదు. రెండో మొద్దు దగ్గర కొట్టే కుర్రాడు పరదేశి కొత్తవాడు, సొంత కత్తి లేదు. కాదనలేక ఒకటి తీసుకున్నాడు.

పది గంటలకల్లా నాలుగు బుట్టల కాయ కొట్టాం. ముక్కలన్నీ ఒకే కుప్పగా దుప్పటి మీద పోశారు. అప్పుడు పరదేశి దెబ్బ చప్పుడు మారింది. ఠక్కుమనాల్సింది కంగుమంది. వెళ్ళి వాడి చేతిలో కత్తి లాక్కుని వెలుగులో పెట్టాను. అంచులో బియ్యపు గింజంత గంటు.

"ఆపండి! కారం కలపకండి!"

"చిన్న గీతే కదా బాబాయ్," అన్నాడు శ్రీకాంత్.

"గీత కాదు, గంటు. ఇందులో ఉండాల్సిన ఉక్కు ఎక్కడుంది మరి?"

వాడు కుప్ప వైపు చూశాడు. నేనూ అటే చూశాను.

దశరథరామయ్యగారు వచ్చారు. మధ్యాహ్నానికి వ్యాను వస్తుందని, ఆవపిండి, నూనె సిద్ధంగా ఉన్నాయని ఆయన తొందర. "ఇంత కుప్పలో గింజంత ముక్క ఎవడికి తగులుద్దిలే? కానియ్యండి."

నా కత్తిని మొద్దు మీద పెట్టి, వట్టి చేతులతో వెళ్ళి కుప్పకి అడ్డంగా కూర్చున్నాను.

"లెగు తిరుపతిరావు."

"లెగనండి."

"ఈ షెడ్డు ఎవరిదనుకున్నావ్?"

"షెడ్డు మీదేనండి. గొంతు ఎవరిదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఏ పిల్లో అన్నంలో కలుపుకుంటది."

"లెగిస్తే పనుంటది. లేకపోతే ఇయ్యాల్టితో సరి."

యాభై ఏళ్ళు దాటినవాణ్ణి సీజను మధ్యలో ఇంకో షెడ్డు పిలవదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, అందుకే అన్నాడు. "సరేనండి. వెతికినాకే సరి," అన్నాను.

ఆడవాళ్ళలో పెద్దది సీతారావమ్మ చీరకొంగు దోపుకుని లేచింది. "వీళ్ళిద్దరూ తేల్చుకునేలోపు మన చేతులు ఖాళీగా ఎందుకే? షాలోమీ, ఇంకో దుప్పటి పరువు."

ఒక్కో ముక్కా వేళ్ళతో తడిమి రెండో దుప్పటి మీదకి వేశారు. నేనూ, పరదేశీ కూర్చున్నాం. గంట పైనే పట్టింది. "అమ్మో!" అంది షాలోమి. వేలి కొసన రక్తం. ఆమె పట్టుకున్న ముక్కలో, టెంకకీ కండకీ మధ్య, తళుక్కుమంటూ ఉక్కు పెచ్చు.

దశరథరామయ్యగారు దాన్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశారు.

"దొరికిందిగా. ఇంక పని చూడండి," అన్నారాయన.

"ఆ నాలుగు కత్తులూ ఇక్కణ్ణించి తీయించండి, కొడతాను."

"నాకే షరతులా?"

"మీకేనండి."

"అయితే నడువు!"

తప్పయిందంటే ఉండనిచ్చేవాడే. తప్పు నాది కాదు. కత్తి తుడిచి, నూనె రాసి, చుట్టుకుని బయల్దేరాను. వెనక శ్రీకాంత్ ఇంకో కొత్త కత్తి పరదేశికి ఇయ్యబోతున్నాడు.

"నా వల్ల కాదండి. ఇందాక ఊడింది చాలు," అంటున్నాడు పరదేశి, చేతులు చంకల్లో పెట్టుకుని.

ఎండ నడినెత్తికొస్తోంది. పొద్దున చెట్టు మీంచి కోసిన కాయ, కొట్టాల్సింది ఇంకా ఆరు బుట్టలుంది. సాయంత్రం దాకా ఈ వేడిలో ఉంటే మెత్తబడుతుంది. మెత్తబడ్డ కాయ ఆవకాయకి పనికిరాదు. నన్ను పొమ్మన్నాక అది నా బాధ కాదు.

గేటు దాటుతుంటే దశరథరామయ్యగారి పిలుపు వినపడింది. "తిరుపతిరావూ! ఓ తిరుపతిరావూ!"

"ముందు అవి తీయించి, అప్పుడు పిలవండి," అన్నాను వెనక్కి తిరక్కుండానే. నడక మాత్రం ఆపలేదు.