మండని చేతులు

కల్లంలో ఎర్రటి ఎండ. ఎర్రటి మిరపకాయలు. తుమ్ములు, దగ్గులు, కళ్లల్లో నీళ్లు...

అరవై రెండో సంవత్సరం, శివరాత్రి దాటింది. గుంటూరు కొట్లకు వెళ్లే కాయలోంచి తాలు ఏరుతున్నాం. నా కంటిని మించిన కన్ను లేదని పేరు. ఎంత రాశిలో ఉన్నా, తెల్లమచ్చ పడ్డ కాయ మీదికే పోతుంది నా వేలు.

అందుకే కొండమ్మను కనిపెట్టి చూశాను.

నాలుగేళ్లు కుష్టు ఆసుపత్రిలో ఉండి, పదిహేను రోజుల కిందట ఊళ్లోకి వచ్చింది. వంగిపోయిన రెండు వేళ్లతో వచ్చింది. పెద్దరోగం నయమైందట. ఇక అంటుకోదట. కాగితం ఉందట.

కాగితానిదేముంది... ఎవరైనా రాస్తారు.

సాయంత్రానికి మా అందరి చేతులూ మండిపోతాయి. ఊదుకుంటాం. మజ్జిగ రాసుకుంటాం. మొగుళ్లను తిట్టుకుంటాం.

కొండమ్మ ఊదుకోదు.

మండని చెయ్యి మనిషి చెయ్యేనా? అనుకుని ఊరుకున్నానా... కూలీలందరికీ చెప్పాను. రైతు చెంచురామయ్యగారికీ చెప్పాను.

"గురువారం కుష్టు సర్వే ఆయన వస్తాడు. అంటుకుద్దంటే పంపిచ్చేద్దాం," అన్నారాయన.

గురువారం కోసం కాచుకుని కూర్చున్నాను.

సర్వే ఆయన వచ్చాడు. సైకిలు, చేతిసంచి, కాస్త దూది. కొండమ్మ కాగితం చదివాడు. చేతులు తిప్పి తిప్పి చూశాడు.

"ఈమె వల్ల ఎవరికీ ఏమీ కాదు. మిగతావాళ్లు రండి."

మిగతావాళ్లా?

నా మోచేతికి పైన పాలిపోయిన మచ్చ. రూపాయి బిళ్లంత. శోభి అనుకున్నాను. రవికె చెయ్యి కిందికి లాక్కున్నాను — ఆయన చూడనే చూశాడు.

కొండమ్మే అంటించిందని అందామనుకున్నాను. ఎలా అనను? అది వచ్చి పదిహేను రోజులు. మచ్చ వచ్చి రెండేళ్లు.

"కళ్లు మూసుకోమ్మా. దూది తగిలినచోట వేలు పెట్టి చూపించు."

మూసుకున్నాను. మెడ మీద తగిలింది — చూపించాను. అరచేతిలో తగిలింది — చూపించాను. తర్వాత... దూది కోసం ఎదురుచూశాను. గాలి వీచింది. ఎవరో తుమ్మారు. ఇంకా ఎదురుచూశాను.

"తగిలిందామ్మా?"

తగిలిందంటే సరిపోతుంది. ఒక్క మాట... పనీ, ఇల్లూ, మొగుడి పక్కన చోటూ, అన్నీ నావే. నోరు తెరిచాను.

"తగిలిందని చెప్పబాక వదినా." కొండమ్మ గొంతు, నా చెవి దగ్గరే. "నేనూ అట్టాగే రెండేళ్లు చెప్పా. చెప్పీ చెప్పీ ఈ రెండు వేళ్లూ పోగొట్టుకున్నా."

ఎందుకు చెబుతోంది ఇది? పగ తీర్చుకోవడానికా? నన్నూ తన పక్కన కూర్చోబెట్టుకోవడానికా? నేను చేసినదానికి దీనికి నా మీద దయ ఉండకూడదు గదా...

"తగల్లేదయ్యా," అన్నాను.

నేను కళ్లు తెరవలేదు. పక్కనే కూర్చున్న నా తోడికోడలు సుబ్బరావమ్మ, తన గోనెపట్టాను దూరంగా ఈడ్చుకుంటున్న చప్పుడు వినపడింది.