ఎలుక ఒంటి వేడి

సలాడో నది శాంతా ఫే నగరాన్ని ముంచాక వచ్చిన పదో డిసెంబరు అది. రోసారియోలో ఎండ మండిపోతోంది. ఎవారిస్తో ప్రయోగశాల నేలమాళిగలో ఎలుకల బోనులు కడుగుతున్నాడు. తొమ్మిది నెలలుగా అదే పని.

అంతకుముందు ఇరవై ఆరేళ్లు ఎలుకలను సాకింది అతనే. హార్మోను సూదితో వాటి పిత్తరసం ఎండగట్టేవారు. కాలేయ కణాల్లో నీటికి దారి తీసే ప్రోటీను ఒకటుంది. దాని జన్యువును కోరలు పీకిన వైరస్‌లో కూర్చి, పిత్తనాళం గుండా ఎక్కించేవారు. రసం మళ్లీ పారుతుందా అని పావుగంటకోసారి సన్నని గొట్టంలోంచి పట్టి తూచేవారు. మత్తులో ఉన్న ఎలుక చల్లబడితే రసం తగ్గుతుంది. అందుకే దీపం కింద పడుకోబెట్టి, దాని ఒంటి వేడి చూసి అందరికీ వినపడేలా చదవడం ఎవారిస్తో పని.

మార్చిలో ఉక్క భరించలేక ప్రయోగశాల పెద్ద డాక్టర్ లిసాండ్రో దీపాన్ని గోడవైపు తిప్పాడు. ఎవారిస్తో ఆ పూట మేత బస్తాలు దింపుకుంటున్నాడు. తిరిగి వచ్చి చూసేసరికి దీపం గోడను కాస్తోంది, రసం పడిపోయింది.

"బూజు మేత పెట్టాడు," అన్నాడు డాక్టరు అందరి ముందూ. "మూడో తరగతి చదివినవాడికి ఎలుకలప్పగిస్తే ఇంతే."

మర్నాడే ఎవారిస్తోను బోనులు కడగడానికి కిందికి పంపేశారు. వేడి చూసి చెప్పే పని ఎవరికీ అప్పగించలేదు.

ఇప్పుడు బ్యూనస్ ఐరిస్ నుంచి ముగ్గురు పరీక్షకులు వస్తున్నారు. వాళ్ల కళ్ల ముందే రసం పారితే పని సాగుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ఆ ఉదయం డాక్టరే కిందికి దిగి వచ్చాడు.

"ముసలాయనా, ఎలుకను పైకి తీసుకురా. తలుపు దగ్గర నిలబడు. నోరు మెదపకు."

"సరే, డాక్టర్."

ఇచ్చిన పని చేసి ఎవారిస్తో తలుపుకి ఆనుకున్నాడు. అదే ప్రయోగం మీద పనిచేసే డాక్టర్ మిర్నా గొట్టం అమర్చింది. జన్యువు ఎక్కించిన ఎలుకే అది. మొదటి రెండు తూకాల్లో రసం బాగా పారింది. గదిలో ఆరుగురు, కిటికీ మూసి ఉంది. పరీక్షకుల్లో లావుపాటావిడ మెడ తుడుచుకుంది. డాక్టర్ లిసాండ్రో చటుక్కున దీపాన్ని గోడవైపు తిప్పాడు.

"వేడిగా ఉంది కదండీ, కాస్త హాయిగా కూర్చోండి."

ఎవారిస్తో చూశాడు. రెండడుగులు వేస్తే దీపం అందుతుంది. అతను వేయలేదు. ఎలుక తోక తెల్లబడుతుంటే పళ్లు బిగించుకుని నిలబడ్డాడు. జాలి పడింది ఎలుక మీదే.

మూడో తూకం తగ్గింది. నాలుగోది సగమైంది.

"ఏమైంది?" అంది లావుపాటావిడ.

"ఎలుకే మంచిది కాదు," అన్నాడు డాక్టరు నుదురు తుడుచుకుంటూ. "అదిగో, తలుపు దగ్గరున్నాడే, వాడి పెంపకం. మార్చిలోనూ ఇంతే చేశాడు."

తొమ్మిది నెలలుగా ఎవారిస్తో ఎదురుచూసింది ఆ మాట కోసమే. బల్ల దగ్గరికి నడిచాడు. థర్మామీటరు తీగ ఎలుకకు అమర్చి, అంకె ఆగేదాకా ఉండి, పాత రోజుల్లోలా పైకి చదివాడు.

"ముప్పై మూడు."

"ముప్పై ఏడుండాలి," అంది ఆవిడ.

"ఉండాలమ్మా. దీపం గోడను కాస్తోంది. ఈయనే తిప్పారు. మార్చిలోనూ దీపం ఇలాగే ఉంది. గోడ బాగానే ఉంది, ఎలుకే చల్లబడింది."

పరీక్షకుల్లో ఒకతను నవ్వు దాచుకోలేకపోయాడు.

మిర్నా ముఖం పాలిపోయింది. "మీరు చూస్తూనే ఉన్నారా, ఎవారిస్తో గారూ?"

"చూస్తూనే ఉన్నాను."

"మరి చెప్పొచ్చుగా."

"నోరు మెదపకు అన్నారు."

ఎవారిస్తోనే దీపాన్ని మళ్లీ ఎలుక మీదికి తిప్పాడు. గంటలో ఎలుక ఒళ్లు వేడెక్కింది, రసం మళ్లీ పారింది. కానీ ఒంటి వేడి రాయని తూకాలేవీ చెల్లవని లావుపాటావిడ తేల్చేసింది. తొమ్మిది నెలల కాగితాలూ వృథా. మిర్నావి కూడా. సాయంత్రం ఆమె ఏడ్చిందని విన్నాడు. బాధపడ్డాడు కానీ, చేసినదానికి చింతించలేదు.

మర్నాడు ఉదయం పిలవకుండానే మేడ మీదికి వెళ్లి, అందరూ ఒకే సొరబుర్రలోంచి గొట్టంతో పీల్చే మాతే ఆకు తేనీరు కలపడానికి కూర్చున్నాడు. కలిపేవాడు ఇచ్చిందే తాగాలి, అదీ వంతులవారీగా. చల్లది ఇచ్చాడంటే పొమ్మన్నట్టే. మిర్నాకు మొదటిది, నురగతో ఇచ్చాడు. ఆమె అతని ముఖం చూడకుండా తాగింది. మిగిలిన వాళ్లందరికీ వేడివేడిగా పోశాడు. డాక్టర్ లిసాండ్రో వంతు వచ్చేసరికి ఆకు సారం పోయింది. ఎవారిస్తో కెటిల్ పక్కన పెట్టి, సొరబుర్రను చల్లనీళ్ల కుళాయి కింద పట్టి, అలాగే అందించాడు.

అందరూ చూస్తుండగా డాక్టరు ఆ చల్లనీళ్లన్నీ పీల్చి, సొరబుర్రను తిరిగిచ్చాడు.